పాసింజరు బండిలో ఇంజిను పంచాయితీ

మొన్న తెనాలి నుంచి రేపల్లె వెళ్తుంటే దారిలో బస్సు ఆగింది. ముందు గడ్డిమోపుల ట్రాక్టరొకటి రోడ్డుకి అడ్డంగా తిరుగుతోంది. పక్క చేలో ఒకాయన వీపుకి మందుకొట్టే యంత్రం తగిలించుకుని గట్టు వెంట నడుస్తున్నాడు. ఆ యంత్రం గొంతు చించుకుంటూ నీలం పొగ వదులుతోంది. కాలిన ఆయిలు వాసన కిటికీలోంచి లోపలికొచ్చింది. పక్క సీటులో కూర్చున్న పెద్దావిడ వెంటనే కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. నేను మాత్రం సన్నజాజుల బుట్ట ఎదురొచ్చినట్టు మెడ బయటికి చాచాను. ఆవిడ కంగారుపడి, "ఏంటమ్మా, తల తిరుగుతోందా?" అని అడిగింది. "తల కాదండి, కాలం. వెనక్కి తిరుగుతోంది" అన్నాను. ఇలాంటి జవాబులిచ్చే వాళ్ళ పక్కన కూర్చోవడం క్షేమం కాదనుకుందేమో, ఆవిడ కొంచెం అటు జరిగింది. ఆ ఖాళీలో కరుణ మేడమ్ వచ్చి కూర్చున్నారు. అంటే, నాకు అలా అనిపించింది.

కరుణ మేడమ్ బాపట్లలో మా ఇంజనీరింగు కాలేజీలో ఇంజిన్ల పాఠం చెప్పేవారు. ఆవిడ పేరులో ఉన్న కరుణ పేపర్లు దిద్దేటప్పుడు పెన్నులోకి దిగేది కాదని సీనియర్లు ముందే హెచ్చరించారు. సొంతూరు తెనాలి. నేత చీర, నల్ల గొడుగు, రెండు గిన్నెల క్యారేజీతో రోజూ పాసింజరు బండిలో వచ్చి, పాసింజరు బండిలోనే వెళ్ళేవారు. వాళ్ళ నాన్నగారు లూథరన్ చర్చిలో పాస్టరు, అందరికీ అయ్యగారు. ఇక నేను రేపల్లె హైస్కూలు తెలుగు మాస్టారి అమ్మాయిని, మెకానికల్ బ్రాంచిలో ఉన్న ఒకే ఒక్క ఆడపిల్లని. క్లాసులో ఎప్పుడూ ఫస్టే, హాజరు పట్టీలో. మిగతా వాటిలో సంగతి వేరు.

రెండువేలు దాటిన తొలి ఏళ్ళవి. ఇంజనీరింగు చదివే ప్రతివాడూ ఏ బ్రాంచి నుంచి బయల్దేరినా కంప్యూటర్ల దగ్గరే తేలేవాడు. హైదరాబాదులో ఉన్న మా మావయ్య నాకూ ఒక కోర్సు చూసిపెట్టాడు. మెకానికల్ డిగ్రీ చేతికి రాగానే దాన్ని పెట్టెలో పెట్టి తాళం వేయాలని ఆయన పథకం. నాన్న అటూ చెప్పక, ఇటూ చెప్పక ఊగుతూ ఉండేవారు. సరిగ్గా అప్పుడే మా కాలేజీకి ఒక పోటీ కబురొచ్చింది. విద్యార్థులే క్వాడ్ బైకు తయారుచేసి, ఇసుక నేలలో పందెం నడపాలి. నాలుగు లావు చక్రాలు, మోటారుసైకిలు హ్యాండిలు, అటో కాలు ఇటో కాలు వేసి కూర్చునే సీటు, అంతే ఆ బండి. మేం గొట్టాలు అతికించి నిలబెట్టిన అస్థిపంజరం చూసి కాలేజీ గేటు దగ్గర ఆటో డ్రైవరు, "ఇదేంటమ్మా, మా ఆటోకి జబ్బు చేసినట్టుందే" అన్నాడు. నేను మాత్రం దాన్ని చూసి ఇంట్లో పెద్ద పందెమే కట్టాను. నాన్న కళ్ళజోడు తీసి తుడుచుకుని తీర్పు చెప్పారు. "నీ బండి చివరి గీత దానంతట అది దాటితే నీ దారి నీది. తోసుకుంటూ దాటిస్తే మీ మావయ్య దారి." నాకు వేరే అప్పీలు లేదు.

ఇక అసలు తగువు ఇంజినుతో వచ్చింది. మాకు ఒక్క ఇంజినుకే వీలుంది, అదీ వాడినది. టూ స్ట్రోక్ కొనాలా, ఫోర్ స్ట్రోక్ కొనాలా? తెలియనివారికి ఒక ముక్క చెబుతాను. టూ స్ట్రోక్ ఇంజినుకి పెట్రోల్లో ఆయిలు కలిపి పోయాలి. తేలిగ్గా ఉంటుంది, చురుగ్గా ఉరుకుతుంది, తాగుడెక్కువ, పొగా ఎక్కువే. ఫోర్ స్ట్రోకుకి ఆయిలు అడుగున విడిగా ఉంటుంది. బరువు, నిదానం, పొదుపు. నాన్నది టూ స్ట్రోక్ బండి. చిన్నప్పుడు దాని ట్యాంకు మీద కూర్చుని ఆ పొగలోనే పెరిగాను కాబట్టి నా పక్షం ముందే ఖాయం. పిట్టలవానిపాలెం రైతుబిడ్డ సుధాకర్ ఫోర్ స్ట్రోక్ పక్షం. మా జట్టు సగానికి సగం చీలింది. క్యాంటీన్లో రెండు బల్లలయ్యాయి. నాన్నకి ఈ సంగతి చెబితే తెలుగు మాస్టారు కదా, "ద్విఘాతమో చతుర్ఘాతమో ఏదో ఒకటి చేయండి గానీ, అఘాయిత్యం చేయకండి" అన్నారు.

ఒక శనివారం సాయంత్రం ఇంటికి బయల్దేరాను. బాపట్ల నుంచి తెనాలి, అక్కడ మారి రేపల్లె. అదే పెట్టెలో మేడమ్ ఉన్నారు. స్నేహితుడి ఇంటికని సుధాకరూ, జట్టులో మరికొందరూ ఎక్కారు. బండి కదలకముందే మా తగువు కదిలింది. మేడమ్ మరమరాల పొట్లం విప్పుతూ కాసేపు విన్నారు. అప్పికట్ల దాటాక చెయ్యెత్తి ఆపారు.

"మా నాన్నగారి చర్చిలో ఒకసారి ఇదే రభస. కోత పండుగ కానుకలతో గంట కొనాలని కొందరు, కప్పు బాగుచేయాలని కొందరు. మా నాన్నగారు ఏం చేశారంటే, గంట కావాలన్నవాళ్ళని కప్పు తరఫున మాట్లాడమన్నారు. కప్పు వాళ్ళని గంట తరఫున."

"చివరికి ఏది కొన్నారు మేడమ్?" అన్నాడు సుధాకర్.

"ముందు మీరు మాట్లాడండి. తర్వాత చెబుతా. ఏమ్మా, నువ్వు ఫోర్ స్ట్రోక్ వకీలువి. లే."

లేచాను. చుట్టూ పాలక్యాన్ల వాళ్ళూ, ఆఫీసుల నుంచి ఇళ్ళకెళ్ళే గుమస్తాలూ మావైపు తిరిగారు. జనం కనిపిస్తే నాకు కొమ్ములొస్తాయి. "ఫోర్ స్ట్రోక్ ఇంజిను చాలా గొప్పదండి. ఎంత మర్యాదస్తురాలంటే, అందరూ వెళ్ళాక గాని కదలదు. పొదుపెందుకంటే, నడిస్తే కదా పెట్రోలు అయ్యేది" అన్నాను. పెట్టె అంతా గొల్లుమంది. నేను అందరికీ దండం పెట్టి కూర్చోబోయాను. మేడమ్ నవ్వలేదు. "నువ్వు వాళ్ళ వకీలువి కాదు. మారువేషం వేసుకొచ్చిన శత్రువువి" అన్నారు. తర్వాత ఆవిడ చెప్పిన మాట నేను ఇప్పటికీ మోస్తున్నాను. "ఫోర్ స్ట్రోక్ కావాలనేవాడు నీ వాదన విని, 'అవును, నేను చెప్పాలనుకున్నది ఇదే' అనాలి. వాడు అనేదాకా నీకు ఓటు లేదు."

సుధాకర్ లేచాడు. వాడికి చమత్కారం రాదు, అందుకే బాగా మాట్లాడాడు. టూ స్ట్రోకులో కదిలే భాగాలు తక్కువ, చెడిపోయేవీ తక్కువేనన్నాడు. ఇసుకలో ప్రతి కిలో బరువూ శత్రువేనన్నాడు. ఏ ఊళ్ళో మెకానిక్కైనా కళ్ళు మూసుకుని బాగుచేస్తాడన్నాడు. నిడుబ్రోలులో దిగబోతున్న రైతొకాయన గుమ్మంలో ఆగి మరీ విన్నాడు. నాకు ఒళ్ళు మండింది, వాడు తప్పు చెప్పినందుకు కాదు, నా మాటే నాకంటే బాగా చెప్పినందుకు. మేడమ్ నావైపు చూశారు. తప్పలేదు. "అవును, నేను చెప్పాలనుకున్నది ఇదే" అన్నాను. సుధాకరుకి ఓటొచ్చింది. సొంత జట్టులో ఓటుహక్కు లేని మొదటి పౌరురాలిగా నేను తెనాలిలో దిగాను.

ఆ వారం సుధాకర్ దగ్గరికే వెళ్ళి, వాళ్ళ నాన్న ఫోర్ స్ట్రోక్ మోటారుసైకిలు అడిగాను. నాన్న బండి కూడా బాపట్ల తెప్పించాను. రెండూ సముద్రం ఒడ్డున తడి ఇసుకలో నడపాలని. ముందు మా ఇంటి బండి ఎక్కాను. హ్యాండిలు తిప్పితే మొదట ఏమీ లేదు, ఇంకొంచెం తిప్పినా ఏమీ లేదు, ఆపైన ఒక్కసారిగా అంతా వచ్చింది. వెనక చక్రం తన గోతిని తానే తవ్వుకుంది, నేను అందులో కూర్చున్నాను. అచ్చం మా బాబాయి కోపం. లోపల ఎంత పేరుకుందో తెలియనివ్వడు, వచ్చిందంటే పళ్ళెం ఎగరాల్సిందే. ఆ ఇంజినుని ఎప్పుడూ పరుగులో ఉంచాలి, నిదానిస్తే మూగబోతుంది. తర్వాత ఫోర్ స్ట్రోక్ ఎక్కాను. మా అమ్మ రెండు చేతులా కూరల సంచులతో బజారు నుంచి నడిచొచ్చినట్టు వచ్చింది. తొందర లేదు, ఆగడమూ లేదు. తిప్పిన హ్యాండిలు వదిలేస్తే తనే వెనక్కి పట్టి నిదానించింది. ఇసుకలోంచి మెల్లగా, పైకి నవ్వకుండా, నన్ను బయటికి తెచ్చింది. సుధాకర్ వచ్చి, ఇందాక నేను కూర్చున్న గోతిని కాలితో పూడ్చాడు. వెక్కిరించుంటే నాకు తేలిగ్గా ఉండేది.

మరుసటి శనివారం అదే పెట్టె. నిడుబ్రోలు రైతు ఈసారి పనిగట్టుకుని మా పెట్టె వెతుక్కుని ఎక్కినట్టున్నాడు. "ఇవాళ వాదన ఎవరిది తల్లీ?" అంటూ చోటుచేసుకున్నాడు. నేను జోకులు ఇంట్లో పెట్టి వచ్చాను. ఇసుకలో చక్రానికి ఏం జరిగిందో, ఏ బండి ఎప్పుడు ఎలా లాగిందో చూసింది చూసినట్టు చెప్పాను. అయిపోయాక సుధాకర్ కిటికీలోంచి చేలవైపు చూస్తూ గొణిగాడు. "అవును, నేను చెప్పాలనుకున్నది ఇదే. ఇంకొంచెం బాగా చెప్పింది." నా ఓటు నాకొచ్చింది. వెంటనే మేడమ్ జట్టుని చేతులెత్తమన్నారు. నేను ఫోర్ స్ట్రోకుకి వేశాను. సుధాకర్ టూ స్ట్రోకుకి వేశాడు! ఒకరినొకరు ఎంత బాగా ఒప్పించుకున్నామంటే, తగువు తగువుగానే ఉంది, మేమే స్థలాలు మార్చుకున్నాం. మేడమ్‌కి నవ్వి నవ్వి పొలమారింది. నిడుబ్రోలు రైతు సీసాలో నీళ్ళిచ్చాడు.

"మా చర్చిలోనూ ఇదే అయింది" అన్నారు తేరుకుని. "గంట వాళ్ళు కప్పుకి వేశారు, కప్పు వాళ్ళు గంటకి. మళ్ళీ సగం సగం. కానీ మరుసటి ఆదివారం అందరూ కలిసి ఒకే వరసలో కూర్చున్నారు. ఆ తర్వాత నిర్ణయం పెద్ద కష్టం కాలేదు, ముందు కప్పు బాగుచేశారు. సరే, ఇప్పుడు మీ ఇద్దర్నీ ఒకటే అడుగుతాను. మీకు గెలవాలనుందా, చేరాలనుందా?"

నాకు నాన్న కళ్ళజోడు గుర్తొచ్చింది. గీత దానంతట అది దాటాలి. అన్నాళ్ళూ నేను టూ స్ట్రోక్ అడిగింది చురుగ్గా కనిపించాలని. మగపిల్లల మధ్య ఒక్కదాన్నీ దుమ్ము లేపుకుంటూ పోవాలని. "చేరాలనుంది మేడమ్" అన్నాను. సుధాకర్ తల ఊపాడు. ఫోర్ స్ట్రోక్ కొన్నాం. ఇంజిను బరువు కాబట్టి నడిపేవాళ్ళు తేలిగ్గా ఉండాలని లెక్క తేలింది. జట్టంతా నావైపు చూసింది. ఆ రోజుల్లో నేను ఎంత బక్కగా ఉండేదాన్నంటే, నన్ను ఎగరేసుకుపోయిన గాలి అడ్రసు చూసి గాని దింపేది కాదు.

పోటీ రోజు మధ్యాహ్నం నుంచి పొద్దు వాలేదాకా ఆ ఇసుక నేలలో చుట్లు తిరగాలి. పెట్రోలు ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలి. నాన్న రేపల్లె నుంచి తన బండి మీద వచ్చి, హద్దుకి కట్టిన తాడు అవతల మేడమ్ పక్కన కుర్చీ వేసుకున్నారు. సగం పందెం బాగానే సాగింది. చురుకు బండ్లు చాలా నన్ను దాటి వెళ్ళాయి, వాటిలో కొన్ని తర్వాత గోతుల్లో కనిపించాయి. కానీ మేం అనుకున్నదానికంటే ఇసుక ఎక్కువ పెట్రోలు తాగింది. డబ్బా అడుగంటింది. నాన్న లేచి, "నేను తెస్తా" అని డబ్బా తగిలించుకుని బంకుకి వెళ్ళారు. తెచ్చారు, సుధాకర్ పోశాడు, నేను కదిలాను. రెండో మలుపు దాటేసరికి ఇంజిను తడబడింది. తుమ్ము రాబోయి ఆగినట్టు ఆగింది, మళ్ళీ అందుకుంది. వెనక్కి తిరిగి చూస్తే నీలం పొగ! ముక్కుకి తెలిసిన వాసన. మా ఇంటి వాసన.

ఎలాగో తాడు దగ్గరికి తెచ్చాను. సుధాకర్ డబ్బా మూత తీసి వాసన చూసి, "ఇందులో ఆయిలు ఎవరు కలిపారు?" అని అరిచాడు.

నాన్న మొహంలో రంగు మారింది. "బంకులో కుర్రాడు 'ఆయిల్ అండి?' అన్నాడు బాబూ. వేయమన్నాను. ఏళ్ళ తరబడి ఆ మాటకి నా నోరు అదే జవాబు చెబుతోంది."

సుధాకర్ ఎండలో ఎర్రగా ఉన్నాడు. "అమ్మాయి ఈ లైన్లోకి రావడం ఇష్టం లేకపోతే ఇంట్లో ఆపాల్సిందండి, ట్యాంకులో కాదు" అన్నాడు.  నాన్న నావైపు చూశారు. నేను అదే అనుకుంటున్నానేమోనని వెతుకుతున్నారు. 

"సుధాకర్" అన్నారు మేడమ్, పాఠం చెప్పే గొంతుతోనే. "మాస్టారి తరఫున మాట్లాడు."

"ఇప్పుడా మేడమ్? బండి ఆగిపోయుంది!"

"ప్లగ్గు విప్పుతూ మాట్లాడు. చేతుల పని చేతులది, నోటి పని నోటిది."

వాడు పళ్ళు బిగించి స్పానరు అందుకున్నాడు. ప్లగ్గు నల్లగా, తడిగా వచ్చింది. గరుకు కాగితంతో రుద్దుతూ మొదలుపెట్టాడు. "మాస్టారు... పెట్రోలు అయిపోతోందని మాకంటే ముందు చూశారు. ఎవరూ అడక్కుండానే లేచారు. ఈ ఎండలో బంకుకి వెళ్ళొచ్చారు." రుద్దడం నెమ్మదించింది. వాడి గొంతు కూడా. "బండి ఆగాలనే ఉంటే ఆయన చేయాల్సిందేమీ లేదు. ఆ కుర్చీలో కూర్చుంటే చాలు. పెట్రోలు అయిపోయి అదే ఆగేది. బండి నడవాలనుకున్నారు కాబట్టే వెళ్ళారు. తన బండికి ఏది మంచిదో, మా బండికీ అదే తెచ్చారు."

నాన్న కళ్ళజోడు తీశారు. "అవును బాబూ" అన్నారు మెల్లగా. "నేను చెప్పాలనుకున్నది ఇదే."

ఆ రైలు నియమం నాన్నకి తెలియదు. నేనెప్పుడూ చెప్పలేదు.  సుధాకర్ ప్లగ్గు బిగించి, "ట్యాంకు ఖాళీచేద్దామంటే మళ్ళీ పోయడానికి ఇంకేమీ లేదు, బంకుకి వెళ్ళొచ్చే టైమూ లేదు. నిదానంగా నడిపితే ఆయిలు పేరుకుని మళ్ళీ ఆగుతుంది" అన్నాడు. మేడమ్ నన్నడిగారు, "ఏంటి నీ నిర్ణయం?" నాకు సముద్రం ఒడ్డున మా ఇంటి బండి గుర్తొచ్చింది, పరుగులో ఉంచకపోతే మూగబోయే ఆ ఇంజిను. "ఫోర్ స్ట్రోకుని టూ స్ట్రోకులా నడుపుతా" అన్నాను. "గేరు తగ్గించి, ఇంజినుని వేడిగా ఉరికిస్తే ఆ ఆయిలు కాలిపోతుంది." సుధాకర్ కిక్కు కొట్టాడు.

మిగిలిన చుట్లన్నీ అలాగే తిరిగాను. గొంతు చించుకుంటూ, నీలం తోక ఊపుకుంటూ. మధ్యలో ఒకసారి తుమ్మింది, హ్యాండిలు ఇంకా తిప్పాను, సర్దుకుంది. పొద్దు వాలుతుంటే మా బండి దానంతట అది గీత దాటింది. మా స్థానం గురించి ఎవరైనా అడిగితే వెనక నుంచి లెక్కపెట్టమని చెబుతాను, తొందరగా తెలుస్తుంది. ఆ టూ స్ట్రోకే కొని, అందులో ఎవరైనా ఆయిలు లేని పెట్రోలు పోసుంటే, ఇంజిను పట్టేసి అక్కడే కథ ముగిసేది. మాది అలవాటు లేని తిండి పెట్టినా అరిగించుకుంది.

నాన్న నా మొహం మీది మసి చూసి, "ఇంతకీ ద్విఘాతమా, చతుర్ఘాతమా?" అన్నారు. "రెండూనూ నాన్నా" అన్నాను.  ఆ రాత్రే ఆయన మావయ్యకి ఫోను చేసి, ఆ కోర్సు సీటు ఇంకెవరికైనా ఇప్పించమన్నారు.

కరుణ మేడమ్ పోయి కొన్నేళ్ళయింది. తెనాలిలో జ్ఞాపకార్థ కూడికలో అందరూ ఆవిడ మంచితనం గురించి చెబుతుంటే, నా వంతు వచ్చేసరికి నేను ఎదుటి పక్షం తీసుకున్నాను. ఆవిడ మార్కులు వేసేవారు కాదనీ, మరమరాలు మాకు పెట్టకుండా వాదనలు మాత్రం పంచిపెట్టేవారనీ ఫిర్యాదు చేశాను. వెనక వరసలోంచి సుధాకర్ కళ్ళు తుడుచుకుంటూ చప్పట్లు కొట్టాడు.

నేను ఇప్పుడు మందుకొట్టే యంత్రాలకి ఇంజిన్లు తయారుచేసే చోటే పనిచేస్తున్నాను. పెట్రోలు ఇంజిన్లే ఉంచాలా, బ్యాటరీలకి మారాలా అని సోమవారం మీటింగు. నేను పెట్రోలు పక్షం, నా ముక్కు సంగతి మీకు తెలిసిందే. మా దగ్గర కొత్తగా చేరిన అమ్మాయొకతి బ్యాటరీ పక్షం. పొగ ఉండదంటుంది, వీపుకి అదురు ఉండదంటుంది. మేడమ్ నియమం ప్రకారం ఆ అమ్మాయి తరఫున మాట్లాడాల్సింది నేను. నేను మాట్లాడాక తను ఆ ఒక్క మాటా అనేదాకా నాకు ఓటు లేదు.

ట్రాక్టరు తప్పుకుంది, బస్సు కదిలింది. నీలం పొగ వెనకబడింది. నేను బ్యాటరీ వాదన లోలోపల అప్పజెప్పుకుంటూ, చివరికి పైకే అనేస్తున్నానట. పక్కావిడ కొంగు దించి నావైపు తిరిగింది.

"ఎవరితో తల్లీ ఆ పోట్లాట?"

"నాతోనేనండి. ఎదుటివాళ్ళ తరఫున."

 ఆవిడ అటు జరిగిన జానెడూ మళ్ళీ ఇటు జరిగి, సంచి ఒళ్ళోకి తీసుకుని సర్దుకు కూర్చుంది.

"అయితే చెప్పు, వింటా. రేపల్లె దాకా నాకూ ఖాళీయే."